నిలబెడితే ఆగిపోయే కంప్యూటర్

దసరా మరునాడు మా ఇంటి కంప్యూటర్ పీట మీద పడుకుని పనిచేసింది. పొద్దున్న తొమ్మిదిన్నరకు వేస్తే సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. దాని డబ్బా మీద ముందురోజు అద్దిన పసుపు, కుంకుమ, వాడిపోతున్న బంతిపూల దండ అలాగే ఉన్నాయి. కిటికీకి ఇవతల నా భార్య టైపు చేస్తోంది. అవతల అరుగు మీద, ఐసు పోసిన సిల్వరు తట్టను పక్కన పెట్టుకుని చేపల పెద్దమ్మ చెబుతోంది. ఆవిడ మా అరుగు ఎక్కి అప్పటికి ముప్పై రోజులైంది. ఎక్కకపోవడానికి కారణం నేను.

ముందు ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. నా భార్య అనకాపల్లిలోనే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై రెండేళ్లు డీటీపీ ఆపరేటరుగా చేసింది. పెళ్లికార్డులు, బెల్లం కొట్ల బిల్లు పుస్తకాలు, ఎన్నికల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఎవరెవరివో కవితా సంపుటాలు అన్నీ ఆవిడ వేళ్ల మీదుగా వెళ్లినవే. ప్రెస్సు మూసేసినప్పుడు యజమాని ఆవిడ కూర్చునే కంప్యూటర్‌ను ఆవిడకే ఇచ్చేశాడు. ఇప్పుడు దానికి పదహారేళ్లు. అందులో ఉన్న తెలుగు టైపు పాతకాలపుది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో ఆవిడ కళ్లకు తెలియదు, వేళ్లకు మాత్రమే తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త మిషన్లలో ఎక్కదు. కొత్త ల్యాప్‌టాప్ ఒకటి కొని ముందు పెట్టాను. రెండు రోజులు ప్రయత్నించి, "అత్తారింటికి కొత్తగా వచ్చినట్టుంది, ఏ గిన్నె ఎక్కడుందో తెలియట్లేదు" అని మూసేసింది. ఇప్పుడు దాంట్లో నేను వార్తలు చూసుకుంటున్నాను.

ఇరవై రెండేళ్లలో ఊళ్లోవాళ్ల మాటలన్నీ అచ్చు వేసిన మనిషి తనదంటూ ఒక్క వాక్యం రాయలేదు. ఆ మొదటి వాక్యం చేపల పెద్దమ్మ వల్ల వచ్చింది.

పెద్దమ్మది సముద్రం ఒడ్డు ఊరు. బుధవారం, ఆదివారం తెల్లవారుజామున రేవులో వేలం పాటలో చేపలు పాడుకుని, ఆటోలో అనకాపల్లి వచ్చి, మా నాలుగు వీధులూ తిరుగుతుంది. మేము ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ వస్తోంది. చేప కొనేవాళ్లకు చేప ఒక్కటే ఇచ్చి ఊరుకునే మనిషి కాదు. ఇది ఏ గాలికి పడింది, ఏ నెలలో కొవ్వు పడుతుంది, బాలింతకు పెట్టొచ్చా, చింతకాయతో వండాలా మామిడికాయతో వండాలా, అన్నీ చెప్పి ఇస్తుంది. మూడేళ్ల కిందట ఒక బుధవారం నా భార్య చేప కడుగుతూ, "ఈవిడ చెప్పేవి ఎక్కడా అచ్చులో చూడలేదండీ" అంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి కంప్యూటర్ ముందుగదిలోకి, కిటికీ పక్కకు వచ్చింది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చెబుతుంది. ఈవిడ కిటికీలోంచి వింటూ కొడుతుంది. ఐసు కరగడం మొదలయ్యేదాకా, అంటే అరగంట, మహా అయితే ముప్పావుగంట. అంతకు మించి ఆవిడ కూర్చోలేదు, సరుకు పాడైపోతుంది.

ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా అని నేనూ అడిగాను. ఒకసారి మార్కెట్లో ఎవరో కుర్రవాళ్లు ఆవిడ బేరమాడటం ఫోనులో తీసి ఊరంతా తిప్పారట. అప్పటి నుంచి ఫోను ఎదురుగా పెడితే ఆవిడ నోరు మూతపడుతుంది. పెన్నుతో రాస్తే ఆ మాటల వేగం అందదు. నా భార్య వేళ్లు మాత్రం అందుకుంటాయి.

ఈ ఏడాది ఎండాకాలంలో పెద్దమ్మ ఒక మాట చెప్పింది. మోకాళ్లు సహకరించడం లేదని, కార్తీకం దాటాక తట్ట ఎత్తనని, ఒరిస్సా వైపు రేవులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతానని. "ఆలోగా నా సేపల పుస్తకం సేతిలో పెట్టమ్మా. నాను సదవలేకపోయినా మనవరాలు సదివి ఇనిపిత్తాది" అంది. నా భార్య మాట ఇచ్చింది.

సరిగ్గా ఆ నెలలోనే కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది.

ఆగిపోవడమంటే అక్షరాలు కనిపించకపోవడమో, నెమ్మదించడమో కాదు. టైపు చేస్తుండగా ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది, లోపలి ఫ్యాను చప్పుడు ఆగిపోతుంది. ఒకరోజు పది నిమిషాలకు ఆగితే ఇంకొకరోజు గంటకు. మళ్లీ వేస్తే వెంటనే వెలగదు, కాసేపు అలగాలి. వెలిగి తయారయ్యేసరికి పావుగంట. అప్పటికి ఐసు నీళ్లవుతుంది. ప్రతి వాక్యానికీ సేవ్ కొట్టే అలవాటు నా భార్యకు ప్రెస్సు నుంచే ఉంది కాబట్టి రాసింది పోయేది కాదు. పోయేది రాయవలసింది. తెగిన చోట మళ్లీ అందుకోమంటే పెద్దమ్మ వల్ల కాదు. "సెప్పిందే మల్లీ సెప్పమంటే రాదమ్మా. మాట కూడా సేపలాటిదే, జారిపోనాది జారిపోనాదే" అనేది.

ముప్పై నాలుగేళ్లు విలేకరిగా చేసినవాణ్ణి. దొంగతనం జరిగినా, బస్సు బోల్తా పడినా ఎప్పుడు, ఎక్కడ, ఎవరుండగా అని రాసుకోవడం నా పని. ఈ కేసు కూడా తేలుస్తానన్న నమ్మకం నాకు మొదటి రోజే ఉంది. ఒక నోటుపుస్తకం తీసి గీతలు కొట్టాను. తేదీ, వేసిన సమయం, ఆగిన సమయం, ఆ క్షణంలో ఏం జరుగుతోంది.

మొదటి అనుమానం కరెంటు మీద. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ మీద చెయ్యిపెట్టి, "ఎర్తింగు ఎండిపోనాదండి" అని తేల్చాడు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు పోసి, కొత్త రాగి రేకు దించాడు. రోజూ ఆ గోతిలో ఒక చెంబు నీళ్లు పొయ్యమన్నాడు. తులసికోటకు పోసినంత భక్తిగా పోశాను. కంప్యూటర్ ఆగుతూనే ఉంది.

రెండో అనుమానం యంత్రం మీదే. మెయిన్ రోడ్డు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. ఒకే బెంచీ మీద చదువుకున్నాం కాబట్టి బావా అంటే బావా అనుకుంటాం. స్కూటరు ముందు డబ్బా పెట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, రేకు విప్పి, లోపలికి తొంగిచూసి పెద్దగా నవ్వాడు.

"ఏటి బావా ఇది? లోపలంతా కుంకం! దీనికి పేరంటం సేసేరేటి?"

"ఏటా ఆయుధపూజ చేస్తుంది మీ చెల్లెలు. నెత్తి మీద బెజ్జాల్లోంచి పడుంటుంది."

"పూజ సేసుకోమను. బెజ్జాలున్న పక్క సెయ్యొద్దని సెప్పు. కుంకానికి భర్త ఆయుష్షు పెరుగుతాదేమో గాని కంప్యూటర్‌కి పెరగదు."

దుమ్ము ఊదాడు. మెమరీ ముక్కను పీకి, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో దాని పళ్లు రుద్దాడు. మెదడు చిప్ మీద పాత పేస్టు గీకి కొత్తది పూశాడు. మూడు రోజులు షాపులోనే పెట్టి, పొద్దుటి నుంచి రాత్రి దాకా పాటలు పెట్టి నడిపాడు. ఒక్కసారి ఆగలేదు.

ఇంటికి తెచ్చాను. తొమ్మిది రోజులు బుద్ధిగా ఉంది. పదో రోజు కవ్వల చేపల మీద అధ్యాయం మధ్యలో ఆగింది.

మళ్లీ మోసుకెళ్లాను. ఈసారి కరెంటు సప్లయి డబ్బా మార్చి, చిప్ మీద పేస్టు మళ్లీ పూశాడు. మళ్లీ మూడు రోజులు షాపులో రాజాలా నడిచింది. మళ్లీ మా ఇంట్లో వారం తిరక్కుండా ఆగింది. మూడోసారి వెళ్లేసరికి బావ చేతులు కట్టుకున్నాడు.

"మిషను బాగుంది. మీ ఇల్లే బాగులేదు బావా. ఆ కరెంటోణ్ణి అడుగు."

కరెంటు మనిషి ఏమన్నాడో అప్పటికే విన్నాను. "ఎర్తింగు పస్ట్ క్లాసుగా ఉందండి. మిసన్లోనే తేడా."

ఇలాంటివి నేను వందలు రాశాను. ఇరుపక్షాలూ ఎదుటివారి మీద ఆరోపణలు చేసుకున్నాయి అని ముగించేసి బస్సెక్కేవాణ్ణి. ఇప్పుడు రెండు పక్షాల మధ్యా నా ఇల్లే ఉంది.

భాద్రపదం నడుమ ఒక బుధవారం, పెద్దమ్మ అరుగు మీద ఉండగానే కంప్యూటర్ ఆగింది. నా భార్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నల్ల తెరకేసి చూస్తూ ఉండిపోయింది. నేను గుమ్మంలో నిలబడి నోటుపుస్తకం తిరగేస్తున్నాను. విషయం చేతికి చిక్కిందన్న హుషారు వచ్చింది నాకు. విలేకరికి ఆ హుషారు వస్తే నోరు ఆగదు.

"ఇప్పటికి పద్నాలుగు సార్లు ఆగింది. అందులో పదకొండు సార్లు పెద్దమ్మ ఇక్కడే ఉంది" అని పైకి చదివాను.

పెద్దమ్మ తల తిప్పి చూసింది. "అంటే నా కాలు మంచిది కాదంటావా బాబూ?"

నేను నవ్వాను. "నేననడం లేదు పెద్దమ్మా. లెక్క అలా ఉంది."

ఆవిడ కూడా నవ్వింది. తట్ట మీద తడిగుడ్డ సర్దుకుంది. "ఐసు కరిగిపోతంది. వత్తానమ్మా" అని లేచింది. అరుగు దిగేటప్పుడు గోడ పట్టుకుంది.

ఆదివారం రాలేదు. తర్వాతి బుధవారం రాలేదు. ఆ పై ఆదివారం పక్క వీధిలో ఆవిడ కేక వినిపించింది, మా వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి మళ్లిపోయింది.

పెద్దమ్మ భర్త పోయి చాలా ఏళ్లయింది. పెళ్లిచూపులకో, పరీక్షకో బయల్దేరిన వాళ్లు గుమ్మం దిగుతుంటే, వాళ్లు చూడకముందే తానే పక్క సందులోకి తప్పుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరూ అనక ముందే తప్పుకోవడం ఆవిడ నేర్చుకున్న పద్ధతి. అన్నీ చూసిన నేనే, చేతిలో పుస్తకం పట్టుకుని, లెక్క కట్టి మరీ ఆ మాట అన్నాను.

నా భార్య కోప్పడలేదు. రెండు రోజుల తర్వాత నా పళ్లెంలో అన్నం వడ్డిస్తూ అడిగింది. "మీ పుస్తకంలో ఇంకో గడి ఉందా?"

"ఏ గడి?"

"పెద్దమ్మ రానప్పుడు మనం కంప్యూటర్ ఎన్నిసార్లు వేశాం?"

నేను ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆలోచించాను. ఆవిడే చెప్పింది. "ఎప్పుడో తప్ప ఆవిడ వస్తేనే వేస్తాం. వేస్తేనే ఆగుతుంది. ఆవిడ రాని రోజు ఆగడానికి ముందు అది వెలగాలి కదండీ. ముప్పై నాలుగేళ్లు ఇలాగే రాశారా వార్తలు?"

డెస్కులో ఉండే కొత్త కుర్రాడు కూడా పట్టుకునే తప్పు అది. వర్షం పడినప్పుడల్లా గొడుగులు కనిపిస్తున్నాయి కాబట్టి గొడుగుల వల్లే వర్షం అని రాసినట్టు.

ఆ ఆదివారం నా భార్య చేపల మార్కెట్టుకు వెళ్లి పెద్దమ్మను వెతికి పట్టుకుంది. వచ్చి చెప్పింది. ఎంత బతిమాలినా ఆవిడది ఒకే మాటట. "నీ మిసను బాగుండాల తల్లీ. నాను లేకపోతే బాగుంటాది. మిగిలింది నువ్వే రాసెయ్, నీకు తెల్దేటి?" నా భార్యకు తెలియదు. అప్పటికి పుస్తకంలో సగమే అయింది.

అలా దసరా వచ్చింది.

మా ఇంట్లో ఆయుధపూజకు కుట్టుమిషను, మిక్సీ, నా స్కూటరు తాళంచెవి, నా పాత కెమెరా, వాటన్నిటి మధ్యలో కంప్యూటర్ డబ్బా కూర్చుంటాయి. ప్రెస్సులో ఉన్నప్పటి నుంచీ నా భార్యకు అది నియమం. అక్కడ అచ్చు యంత్రానికి గుమ్మడికాయ కొట్టిన తర్వాతే ఆవిడ కంప్యూటర్‌కు కుంకుమ పెట్టేదట. ఈసారి బావ అన్న మాట గుర్తుపెట్టుకుని, నెత్తి మీది బెజ్జాల్లో కుంకుమ పడకుండా డబ్బాను పీట మీద పక్కకు పడుకోబెట్టింది. రేకు పక్క పైకి వచ్చింది. దాని మీదే బొట్లు, పూలు, బెల్లంముక్క పెట్టింది.

మరునాడు శుక్రవారం. శుక్రవారం పూట పూజలో పెట్టినదాన్ని కదపడం మా ఇంట్లో లేదు. శనివారం ఉద్వాసన చెప్పి తియ్యాలి. అయితే తొమ్మిది రోజులు నోరు కట్టుకున్న మా వీధి మాత్రం శుక్రవారమని చూడలేదు. ఎదురింటివాళ్లు ఫోను చేసి చెప్పుకున్నారు కాబోలు, పెద్దమ్మ తట్టతో వచ్చింది. వాళ్ల గుమ్మంలో బేరం ముగించి, మా వైపు చూడకుండా వెళ్లిపోతోంది.

నా భార్య కిటికీలోంచి కేకేసింది. "పెద్దమ్మా! ఇలా రా."

"సుక్రారం. నువ్వు కొనవు కదమ్మా."

"చేపలకు కాదు. కూర్చో. పాలసొర సంగతి సగంలో ఉంది."

"వద్దమ్మా. నీ మిసను..."

"మిషను అమ్మవారి దగ్గర పడుకుంది. ఇవాళ దాన్ని నువ్వేం చెయ్యలేవు, నేనేం చెయ్యలేను."

పెద్దమ్మ వీధిలోనే నిలబడి మెడ చాచి కిటికీలోకి చూసింది. పీట, దండ, బొట్లు కనిపించాయి. "ఓలమ్మ! అమ్మోరి కాడ పడుకున్నదాన్ని ఇప్పుడు నేపుతావేటి?"

"లేపను. పడుకునే పనిచేస్తుంది."

నా భార్య నన్ను పిలిచింది. పీటను కదపకుండా, దండ జారకుండా, తీగలన్నీ అక్కడిదాకా లాగి తగిలించమంది. తగిలించాను. మీట నొక్కేముందు ఆవిడ డబ్బాకు ఒకసారి చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంది. పెద్దమ్మ అరుగు మీద ఒక పక్కగా, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుంది.

పది నిమిషాలు గడిచాయి. నేను చదువుతున్నట్టు పేపరు పట్టుకుని గడియారం చూస్తున్నాను. ఇరవై. పెద్దమ్మ పాలసొర దగ్గర మొదలుపెట్టింది. బాలింతకు ఎన్నో రోజున పెట్టాలి, తోలు ఎలా ఒలవాలి, మొదటి ముద్ద అత్త ఎందుకు కలపాలి. నలభై. ఆవిడ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది.

"కవ్వల మంద పైకొత్తే నీల్ల మీద నూనె సుక్క ఏసినట్టు మెరుత్తాదమ్మా. మా మావ వాసనట్టేవోడు. పడవలో పడుకునే ఉండి, లెగండ్రా వచ్చేయి అనేవోడు. మిగిలినోల్లు నవ్వేవోరు. వల ఏసేక నవ్వు ఆపేవోరు."

మామ అంటే ఆవిడ భర్త. మూడేళ్లలో ఆయన మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు. నా భార్య తల ఎత్తలేదు, కొడుతూనే ఉంది. ఐసు కరిగి తట్ట అంచు నుంచి చుక్కలు పడ్డాయి. పెద్దమ్మ గమనించి కూడా లేవలేదు. గంటా ఇరవై నిమిషాలు కూర్చుంది. మిగిలిన నాలుగు కానాగంత చేపలూ శుక్రవారమని చూడకుండా నేనే కొన్నాను. పెరట్లో పొయ్యి పెట్టుకుని నేనే వండుకున్నాను.

ఆవిడ వెళ్లాక నా భార్య, "అమ్మవారే" అంది. నేను కాదనలేదు. అయితే అమ్మవారు గత పదేళ్ల దసరాల్లోనూ ఉంది. ఈసారి కొత్తగా ఉన్నదేమిటని మాత్రం చూశాను. నోటుపుస్తకంలో నేను గీయని గడి ఇంకొకటి ఉంది. అది నిలబడి ఉందా, పడుకుని ఉందా అన్నది.

ఆ రోజు సాయంత్రం దాకా దాన్ని అలాగే ఉంచి చూశాను, ఆగలేదు. శనివారం ఉద్వాసన అయ్యాక నిలబెట్టి వేశాను. పదిహేడు నిమిషాలకు ఆగింది. పడుకోబెట్టాను. మధ్యాహ్నం భోజనం అయి, నిద్ర లేచేదాకా నడిచింది. నిలబెట్టాను. తొమ్మిది నిమిషాలు. బావకు ఫోను చేశాను.

"బావా, షాపులో కంప్యూటర్లను ఎలా పెడతావు?"

"ఎలాగేటి? బల్ల మీద పెడతాను."

"నిలబెట్టా, పడుకోబెట్టా?"

"పడుకోబెట్టి. లేపోతే లోపల సెయ్యెలా పెడతాం? ఏం?"

"ఒకసారి మా ఇంటికి రా."

ఇన్నేళ్లలో ఆయన యంత్రం చూడడానికి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. డబ్బాను నిలబెట్టి, రేకు తీసి, టార్చి వేశాడు. మెదడు చిప్ వేడెక్కకుండా దాని మీద ఒక బరువైన లోహపు దిమ్మ, దానికో ఫ్యాను ఉంటాయి. ఆ దిమ్మను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. బావ పైనున్న కాలును వేలితో నొక్కాడు. ఊడిపోయే ముందు పాలపన్ను ఊగినట్టు ఊగింది. కాలు లోపల చిట్లిపోయింది. పడుకోబెడితే దిమ్మ తన బరువుతో తానే చిప్ మీద కూర్చుంటుంది. నిలబెడితే వెంట్రుకవాసి వెనక్కి వాలుతుంది. చిప్ కాగిపోయి, తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది. కొత్త పేస్టు పూసిన ప్రతిసారీ ఆ జిగురుకు కొన్నాళ్లు అంటుకుని ఉండేది, ఎండాక మళ్లీ మొదటికొచ్చేది.

బావ పీట మీద కూర్చుండిపోయి నవ్వాడు. ఈసారి నవ్వు నా మీద కాదు. "ఇన్నేళ్లుగా ప్రతీదాన్నీ పడుకోబెట్టే వైద్యం సేత్తన్నాను బావా. నిలబడితే వచ్చే రోగం నాకెలా తెలుత్తాది!"

ఆ కాలు ఇప్పుడు దొరకదట, ఆ రకం తయారు చేయడం మానేశారు. పడుకోబెట్టే వాడుకోమన్నాడు. వెళ్లేముందు నా భార్యతో, "చెల్లెమ్మా, వచ్చే ఏడు నా షాపు పూజ కూడా నువ్వే సెయ్యాలి" అని టీ రెండోసారి అడిగి తాగాడు.

ఆదివారం పెద్దమ్మ వచ్చింది. పత్రికలో తప్పు వార్త వస్తే మర్నాడు లోపలి పేజీలో అంగుళం మేర సవరణ వేస్తాం. అసలు వార్త చదివినవాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. నేను అరుగు మీదకు వెళ్లి, నలుగురూ వినేలా చెప్పాను. కాలు విరిగింది కంప్యూటర్ లోపలిదని, ఆవిడ కాలుకూ దానికీ సంబంధం లేదని, నా లెక్కే తప్పని.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "అయితే నా వల్ల కాదన్నమాట."

"కాదు పెద్దమ్మా."

"మరి నాలుగు వారాలు ఎండలో నన్ను ఆ ఈది తిప్పేవేటి బాబూ?"

ఆవిడ ఒక్క క్షణం చూసి, తట్ట మీది గుడ్డ తీసింది. "సరే, ఓ గులివింద కుప్ప తీసుకో. బేరం ఆడకు."

ఆడలేదు.

అప్పటి నుంచి పని బాగా సాగింది. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు. డబ్బా కిటికీ కింద పీట మీదే పడుకుని ఉంటోంది. నా భార్య వంటింటికి ఇంకో పీట కొనిపించింది. సావిడాయలు, టేకులు, నెత్తళ్లు, ఈ చేపల అధ్యాయాలన్నీ అయిపోయాయి. గాలుల అధ్యాయం ఒక్కటి మిగిలింది. పెద్దమ్మ ప్రయాణం ఇంకో మూడు వారాలుంది. పుస్తకం అయిపోతుందన్న ధైర్యం నాకుంది. నోటుపుస్తకం కూడా మూసేశాను.

మొన్న బుధవారం ఆవిడ అరుగు మీద కూర్చుని దక్షిణపు గాలి గురించి చెబుతోంది. నేను నా భార్య వెనకగా, తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాను. తెర నల్లబడింది. ఫ్యాను చప్పుడు ఆగింది. డబ్బా పడుకునే ఉంది, కరెంటు ఉంది, పొద్దుటిపూట చల్లగానే ఉంది.

నా భార్య నా వైపు చూసింది. వేళ్లు ఆపలేదు. అదే వేగంతో మీటలు టకటకమంటూనే ఉన్నాయి. పెద్దమ్మకు కిటికీలోంచి తెర వీపు, ఈవిడ ముఖం, ఆ చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు. "ఊఁ, తర్వాత?" అని ఈవిడ అంటూనే ఉంది. ఆవిడ చెబుతూనే ఉంది. నేను పేపరు అంచు మీద పెన్నుతో అందినంత రాశాను. పావుగంటకు పెద్దమ్మ లేచి, మోకాళ్లు రాసుకుని, "ఆదివారం వత్తానమ్మా" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బావ వచ్చి రేకు తీసి చూశాడు. దిమ్మ చిప్ మీద గట్టిగానే కూర్చుని ఉంది. కంప్యూటర్ అప్పటి నుంచి మళ్లీ ఆగలేదు. ఆ బుధవారం ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలియలేదు.